20.9 కేజీల గంజాయి కేసు: 180 రోజులు ఆగాల్సిందేనా?

కొత్తగౌను
ఒక ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల చట్టం) కేసు కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. ఉమ్మడి విశాఖ జిల్లా. తెల్లవారుజామున 4.40కి టోల్‌గేటు దాటాక ముందస్తు సమాచారంతో ప్రైవేటు కారు ఆపారు. డిక్కీలో గోనెసంచి, అందులో బ్రౌన్ టేపు చుట్టిన 10 ప్యాకెట్లు. మధ్యవర్తుల నివేదికలో (పంచనామాలో) మొత్తం 20.900 కేజీలని రాశారు. కారులో ముగ్గురు నిందితులు: ఎ1, ఎ2, డ్రైవర్ ఎ3. ఎ1 చెప్పాడంటూ వారం తర్వాత ఎ4ని పట్టుకున్నారు. సెక్షన్ 20(బి) కమర్షియల్ క్వాంటిటీ (భారీ పరిమాణం), దానికి తోడు కుట్రకి సెక్షన్ 29.

బెయిల్ రెండుసార్లు కొట్టేశారు, రెండుసార్లూ కమర్షియల్ కేసుల్లో బెయిల్‌కి అడ్డుపడే సెక్షన్ 37 పేరుతోనే. ఎ1 నుంచి ఎ3 దాకా రిమాండ్ అయి ఇవాళ్టికి 74వ రోజు, ఛార్జిషీటు ఇంకా పడలేదు. పీపీ (ప్రభుత్వ న్యాయవాది) గారు "180 రోజులు ఉంది, తొందరేంటి" అంటున్నారు. సెక్షన్ 42 (సమాచారం రాతలో పెట్టడం), 50 (ఒంటి సోదాలో హక్కు చెప్పడం) పాటించలేదని మూడోసారి వేద్దామనుకుంటున్నాను. నిలబడుతుందా?

పాతపంచనామా
42, 50 తర్వాత చూద్దాం. ముందు తూకం సంగతి చెప్పండి. ఆ 20.900 ప్యాకింగ్‌తో కలిపా, లోపలి సరుకు ఒక్కటేనా?

కొత్తగౌను
విడిగా ఏమీ రాయలేదు. "ఒక్కొక్క ప్యాకెట్టును ఎలక్ట్రానిక్ కాటాపై తూచగా" అని పది అంకెలు ఇచ్చారు, అన్నీ 2.060కీ 2.120కీ మధ్య. కవర్ల ఊసే లేదు.

పాతపంచనామా
కేసంతా అక్కడే ఉంది.

గంజాయికి 2001 అక్టోబర్ 19 నోటిఫికేషన్ ప్రకారం స్మాల్ క్వాంటిటీ 1 కేజీ, కమర్షియల్ 20 కేజీలు. చట్టంలో నిర్వచనం జాగ్రత్తగా చదవండి. కమర్షియల్ అంటే నోటిఫై చేసిన పరిమాణం కంటే "ఎక్కువ". సరిగ్గా 20 కేజీలు ఉన్నా కమర్షియల్ కాదు. అలాగే స్మాల్ అంటే "తక్కువ", కాబట్టి సరిగ్గా 1 కేజీ ఉంటే అది స్మాల్ కాదు, మధ్యస్థం.

20 దాటితే కనీస శిక్ష 10 ఏళ్లు, గరిష్ఠం 20, జరిమానా లక్ష నుంచి రెండు లక్షలు, బెయిల్‌కి సెక్షన్ 37 అడ్డు, దర్యాప్తుకి 180 రోజులు. దాటకపోతే 10 ఏళ్ల "వరకు" శిక్ష, లక్ష వరకు జరిమానా, 37 లేదు, 180 రోజుల గడువూ లేదు. ఆ గీత మీద మీ కేసు 900 గ్రాములు పైకుంది. రెండు మూడు పొరల పాలిథీన్, దాని మీద టేపు అంటే ప్యాకెట్‌కి 90 గ్రాములు పోవడం వింతేమీ కాదు.

తూకంరాయి
బంగారం కొట్టువాడు కూడా డబ్బా బరువు తీసేసే లెక్కేస్తాడు. మనవాళ్లు గోనెసంచి కూడా కాటా ఎక్కించకపోవడం అదృష్టం.

బెజవాడ_బార్
ఇంత ఆశ పెట్టకండి పాతపంచనామా గారూ. 2020 ఏప్రిల్‌లో హీరా సింగ్ తీర్పు వచ్చాక మొత్తం బరువే లెక్క. అసలు మత్తుపదార్థం ఎంత శాతం అన్న ఇ. మైకేల్ రాజ్ కేసు వాదన పోయింది కదా.

పాతపంచనామా
హీరా సింగ్ చెప్పింది మత్తుపదార్థంలో *కలిపిన* తటస్థ పదార్థం గురించి. హెరాయిన్‌లో గ్లూకోజ్ పొడి కలిపితే ఆ మిశ్రమం మొత్తం తూచాలి, ఎందుకంటే అమ్మేదీ వాడేదీ ఆ మిశ్రమమే. టేపును ఎవరూ పీల్చరు. ప్యాకింగ్ మిశ్రమంలో భాగమని ఆ తీర్పులో ఎక్కడా లేదు. పీపీలు ఈ రెంటినీ కావాలనే కలిపేస్తారు, మీరు విడదీసి చెప్పాలి.

అనంత_అప్పీల్
ఆకులు, గింజల వాదన కూడా ఉంది. చట్టం ప్రకారం గంజాయి అంటే పూత లేదా కాయ ఉన్న కొసలు. కొసలతో కలవకుండా విడిగా ఉన్న ఆకు, గింజ లెక్కలోకి రావు. "ఆకులు, కాడలతో కూడిన గంజాయి" అని పంచనామాలో వాళ్లే రాస్తే ఆ వాక్యం పట్టుకోండి.

బెజవాడ_బార్
రాయొచ్చు గానీ దాని మీదే ఆధారపడొద్దు. "కొసలతో కలిసి ఉంటే ఆకులూ గంజాయే" అని అదే నిర్వచనం ఎదురు తిప్పుతారు. గీతకి బాగా దగ్గరగా ఉన్న కేసులో తోడు వాదనగా పనికొస్తుంది. 80 కేజీల కేసులో ఎవరూ వినరు.

గుమాస్తా_గోదారి
కొత్తగౌను గారూ, 52ఎ ఇన్వెంటరీ (జప్తు సరుకుకి మేజిస్ట్రేట్ ధ్రువీకరించే జాబితా) అయిందా? మేజిస్ట్రేట్ ముందు మళ్లీ తూచి ఉంటారు. ఆ కాగితం మీ దగ్గరుందా, లేక ఎఫ్‌ఐఆర్, రిమాండ్ రిపోర్టు మాత్రమేనా? చాలామంది ఆ రెండింటితోనే బెయిల్ పిటిషన్ కొడతారు. మేజిస్ట్రేట్ కోర్టులో నకలు దరఖాస్తు వేస్తే సర్టిఫైడ్ కాపీ ఇస్తారు.

కొత్తగౌను
నకలు ఇవాళ చేతికొచ్చింది. రిమాండ్ అయిన 23వ రోజున చేశారు. ప్యాకెట్లు విప్పి తూచారు. సరుకు 19.860, టేపు, కవర్లు విడిగా 0.910.

తూకంరాయి
😲

పాతపంచనామా
రెండూ కలిపితే 20.770. పంచనామా నాటి 20.900కీ దీనికీ 130 గ్రాముల తేడా. పీపీ "పచ్చి సరుకు, 23 రోజుల్లో ఆరిపోయింది" అంటారు. అననివ్వండి. ఆ 130 గ్రాములూ సరుకులోనే కలిపినా 19.990 అవుతుంది. ఇంకా 10 గ్రాములు కిందే! వాళ్ల లెక్క మీద వాళ్లనే నిలబెట్టినా కమర్షియల్ రాదు.

ఇంకో మాట. 52ఎ(4) ప్రకారం మేజిస్ట్రేట్ ధ్రువీకరించిన ఇన్వెంటరీ, ఫొటోలు, నమూనాల జాబితా ప్రాథమిక సాక్ష్యం. రోడ్డు పక్కన తూచి రాసినదానికంటే కోర్టు దీన్నే నమ్మాలి. ఈ తూకం మీ తరఫున పెట్టిన డాక్యుమెంటు కూడా కాదు, ప్రాసిక్యూషన్ దరఖాస్తు మీద పుట్టిన కాగితం.

అనంత_అప్పీల్
బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం) 105 ప్రకారం సోదా, జప్తు వీడియో తీయాలి, తీసి ఆలస్యం లేకుండా మేజిస్ట్రేట్‌కి పంపాలి. ఆ వీడియో కాపీ అడగండి. కాటా మీద ప్యాకెట్ టేపుతో సహా కనిపిస్తే 20.900 గ్రాస్ (ప్యాకింగ్‌తో కలిపిన బరువు) అనడానికి ఇంకేం కావాలి? వీడియో లేదంటే అదీ మీకే పనికొస్తుంది.

రిమాండ్_లెక్క
మీరంతా తూకం దగ్గరే ఉన్నారు. ఆయన 74వ రోజు అన్నాడు, అది ఎవరూ పట్టించుకోలేదేంటి!

సెక్షన్ 36ఎ(4)లో 180 రోజులు అన్ని కేసులకీ కాదు. 19, 24, 27ఎ నేరాలకీ, కమర్షియల్ క్వాంటిటీకీ మాత్రమే. మధ్యస్థ పరిమాణం అయితే మామూలు గడువే, బీఎన్‌ఎస్‌ఎస్ 187(3). శిక్ష 10 ఏళ్ల *వరకు* కాబట్టి 60 రోజులు. 61వ రోజు నుంచి డిఫాల్ట్ బెయిల్ (గడువులో ఛార్జిషీటు పడకపోతే వచ్చే బెయిల్) హక్కు పుట్టేసింది. పదమూడు రోజులుగా ఆ హక్కు బెంచీ మీద ఖాళీగా కూర్చుంది.

బెజవాడ_బార్
60 కాదు, 90 అంటారు. సీఆర్‌పీసీ 167లో "పదేళ్లకు తక్కువ కాని" అని ఉండేది, కొత్త చట్టంలో "పదేళ్లు లేదా అంతకు మించి" అని మార్చారు. పదేళ్ల వరకు శిక్ష వేయగలిగిన నేరం ఇందులోకి వస్తుందని పీపీ వాదిస్తారు.

రిమాండ్_లెక్క
వాదిస్తారు, తెలుసు. రాకేష్ కుమార్ పాల్ కేసులో 2017లో సుప్రీంకోర్టు 2:1 మెజారిటీతో తేల్చింది: 90 రోజులు రావాలంటే కనీస శిక్ష పదేళ్లు ఉండాలి, గరిష్ఠం పదేళ్లుంటే సరిపోదు. కొత్త పదాలు ఆ అర్థాన్ని మార్చలేదని మన వాదన. వ్యక్తి స్వేచ్ఛకి సంబంధించిన నిబంధనలో రెండర్థాలు వస్తే నిందితుడికి అనుకూలమైనదే తీసుకోవాలి.

రోజుల లెక్కలో తప్పు పోకండి. అరెస్టు తేదీ నుంచి కాదు, మొదటి రిమాండ్ తేదీ నుంచి. ఇది 1986 నాటి చాగంటి సత్యనారాయణ కేసు, మన ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లింది. రిమాండ్ రోజును కలపాలా వద్దా అన్న గొడవ 2023లో కపిల్ వాధవాన్ కేసులో తీరింది: కలపాలి. ఎ4 వారం తర్వాత రిమాండ్ కాబట్టి అతని 61వ రోజు వేరే వస్తుంది. నలుగురికీ ఒకే తేదీ వేసి పిటిషన్ కొట్టకండి.

సందేహాల_సుబ్బు
లాయర్ని కాదు, చదువుతున్నాను అంతే. 37 ఉంటే డిఫాల్ట్ బెయిల్ ఎలా ఇస్తారు? అది కూడా బెయిలే కదా.

రిమాండ్_లెక్క
37 అడ్డు కేసు బలాబలాలు చూసి ఇచ్చే బెయిల్‌కి. గడువులో ఛార్జిషీటు వేయకపోతే వచ్చేది వేరు, అక్కడ నేరం ఎంత పెద్దదన్న ప్రశ్నే రాదు. తమిళరసి కేసులో 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది, 37 డిఫాల్ట్ బెయిల్‌ని ఆపదు. 20 కేజీలు దాటిన కేసులో 181వ రోజు కూడా అంతే.

కొత్తగౌను
ఇప్పుడు పిటిషన్ వేస్తే పోలీసులు మేలుకుని రేపే ఛార్జిషీటు వేసేయరా? గొడవ లేకుండా 91వ రోజు దాకా ఆగి వేస్తే మంచిదేమో? అప్పుడు 60, 90 వాదనే ఉండదు.

రిమాండ్_లెక్క
అస్సలు ఆగకండి. ఛార్జిషీటు ముందు పడిపోతే, మీరు అడగని హక్కు పోతుంది. సంజయ్ దత్ కేసులో 1994లో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది అదే. 91 దాకా ఆగితే 88వ రోజున ఛార్జిషీటు పడొచ్చు, అప్పుడు 60 రోజుల వాదన కూడా చేజారుతుంది. ఇప్పుడే వేస్తే రేపు ఛార్జిషీటు వచ్చినా ఏమీ కాదు. ఎం. రవీంద్రన్ తీర్పు, 2020, అదీ ఎన్‌డీపీఎస్ కేసే. గడువు దాటాక దరఖాస్తు వేసి సిద్ధంగా ఉంటే తర్వాత దాఖలైన కాగితం ఆ హక్కును చంపలేదు. కింద కొట్టేసినా ఆ తేదీ పట్టుకునే హైకోర్టుకి వెళ్లొచ్చు.

గుమాస్తా_గోదారి
దాఖలు చేసేటప్పుడు చేయాల్సినవి:

పొద్దున్నే వేయండి, కోర్టు ముద్ర మీద తేదీతో పాటు *సమయం* రాయించండి. ఈ-ఫైలింగ్ చేస్తే రసీదులో సమయం దానికదే వస్తుంది. వేసే ముందు ఈ-కోర్ట్స్‌లోనూ, ఆఫీసులోనూ ఛార్జిషీటు వచ్చిందేమో అడగండి. నంబరు పడకపోయినా దాఖలైంది అంటారు, కాబట్టి ఇన్వర్డ్ రిజిస్టర్ చూడాలి.

పిటిషన్ ఒకటిన్నర పేజీ చాలు. మొదటి రిమాండ్ తేదీ, 60వ రోజు ఏ తేదీ, ఆ తేదీకి ఛార్జిషీటు లేదు, 52ఎ ఇన్వెంటరీ ప్రకారం 19.860, "జామీనులు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాము". ఈ చివరి వాక్యం మర్చిపోవద్దు. మీ క్లయింటు అమాయకుడు అన్న కథ ఇందులో ఒక్క ముక్క కూడా వద్దు. అది కలిస్తే జడ్జి గారు మామూలు బెయిల్ పిటిషన్‌గా చదివి 37 చూపించి పక్కన పెడతారు.

పాతపంచనామా
గుమాస్తా గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. అదే రోజు విడిగా ఇంకో పిటిషన్ వేయండి, మామూలు బెయిల్, బీఎన్‌ఎస్‌ఎస్ 483. ప్రత్యేక కోర్టు "పరిమాణం ఎంతన్నది విచారణలో తేలాలి" అని డిఫాల్ట్ పిటిషన్‌ని పక్కకు నెట్టే ప్రమాదం ఉంది. రెండో పిటిషన్‌లో తూకం మారింది కాబట్టి పరిస్థితులు మారాయి అని చెప్పొచ్చు. పాత రెండు ఆర్డర్లూ 20.900 మీద ఇచ్చినవే కదా.

కొత్తగౌను
సరే, 42, 50 సంగతి? సోదాకి కన్సెంట్ కాగితం ముందే ప్రింటు చేసింది. "గెజిటెడ్ అధికారి ఎదుటనా, మేజిస్ట్రేట్ ఎదుటనా, లేక మీ ఎదుటనా" అని ఉంది. కింద సంతకం.

బెజవాడ_బార్
ఆ "మీ ఎదుటనా" అన్నది తప్పే. 2014 పరమానంద్ కేసులో దాడి బృందంలోని అధికారిని మూడో దారిగా చూపడాన్ని సుప్రీంకోర్టు తప్పుపట్టింది. ముగ్గురికీ కలిపి ఒకే నోటీసు ఇచ్చి ఉంటే అదీ తప్పే, హక్కు ఎవరికి వారికి విడిగా చెప్పాలి.

కానీ మీ సరుకు దొరికింది డిక్కీలో. సెక్షన్ 50 ఒంటి మీద సోదాకి. 2019 బల్జిందర్ సింగ్, 2023 రంజన్ కుమార్ చడ్డా చదవండి: బ్యాగు, వాహనం "ఒళ్లు" కిందకి రావు. ఒంటి సోదాలో తప్పు జరిగినా వాహనంలో దొరికినది చెల్లదని చెప్పలేరు. జేబులో పొట్లం దొరికిన కేసులో 50 ప్రాణం. ఇక్కడ ఊరికే పేజీలు నింపడం.

సందేహాల_సుబ్బు
టోల్‌గేటు దగ్గర రోడ్డు పబ్లిక్ ప్లేస్ కాబట్టి 42 కూడా వర్తించదని ఎక్కడో చదివాను?

అనంత_అప్పీల్
రోడ్డు పబ్లిక్, కారు ప్రైవేటు. 2021 బూటా సింగ్ కేసులో జీపు రోడ్డు మీదే ఉంది. ప్రైవేటు వాహనం సెక్షన్ 43లోని పబ్లిక్ ప్లేస్ కాదు, 42 పాటించాల్సిందే అని నిర్దోషులుగా వదిలేశారు. ఆర్టీసీ బస్సు అయితే 43.

42లో చూడాల్సినవి: సమాచారం కాగితం మీద పెట్టారా, దాని కాపీ 72 గంటల్లో పై అధికారికి పోయిందా, 4.40 అంటే సూర్యోదయానికి ముందు కాబట్టి వారెంటు తెచ్చుకునే వ్యవధి లేదని కారణాలు రాశారా. కర్నైల్ సింగ్ (2009) రాజ్యాంగ ధర్మాసనం: ఆలస్యమైతే సంజాయిషీ చెప్పుకోవచ్చు, అసలు రాయకపోతే కుదరదు. దాడికి ముందు రాయాల్సిన కాగితం దాడి తర్వాత రాసి, సమయం ముందుదిగా వేసే అలవాటు ఉంది. స్టేషన్ జీడీ (జనరల్ డైరీ) ఎంట్రీ సమయం, వాహనం లాగ్‌బుక్, టోల్‌గేటు సీసీ ఫుటేజీ పక్కపక్కన పెడితే బయటపడుతుంది. ఫుటేజీ ఎక్కువ రోజులు ఉంచరు, భద్రపరచమని ఇప్పుడే మెమో వేయండి.

బెజవాడ_బార్
వేయండి, కానీ బెయిల్ దశలో దీన్ని ముందు పెట్టకండి. "ఇవి విచారణలో తేలాల్సినవి" అన్న వాక్యం ప్రతి జడ్జి గారి కంప్యూటర్‌లో సిద్ధంగా ఉంటుంది.

తూకంరాయి
కంట్రోల్ సీ, కంట్రోల్ వీ, కంట్రోల్ 37.

అనంత_అప్పీల్
😀 అది నిజమే. 52ఎ విషయంలో సుప్రీంకోర్టు దాదాపు ఆ మాటే చెప్పింది. 2016 మోహన్‌లాల్ తర్వాత 2023లో సిమ్రన్‌జీత్ సింగ్, యూసుఫ్ కేసుల్లో నమూనా మేజిస్ట్రేట్ ముందు తీయలేదని వదిలేశారు. అది చూసి అందరూ బెయిల్ పిటిషన్లలో 52ఎ పెట్టడం మొదలెట్టారు. 2024 డిసెంబర్‌లో కాషిఫ్ కేసులో, 52ఎ ఆలస్యం ఒక్కటే బెయిల్‌కి కారణం కాదన్నారు. 2025 జనవరిలో భరత్ ఆంబలే: పాటించకపోవడం దానంతట అదే కేసును పడగొట్టదు, మిగతా సాక్ష్యంతో కలిపి చూడాలి. కాబట్టి 52ఎ లోపాన్ని కాదు, 52ఎలో తేలిన *బరువును* వాడుకోండి. ఈ కేసులో అది మేజిస్ట్రేట్ చేతిరాత మీకిచ్చిన వరం.

గుమాస్తా_గోదారి
నమూనాలు కూడా చూడండి. 2022 రూల్స్ ప్రకారం గంజాయికి 24 గ్రాముల చొప్పున రెండు నమూనాలు. ల్యాబు అందుకున్న 15 రోజుల్లో రిపోర్టు ఇవ్వాలి. పంచనామా సీలు, ఇన్వెంటరీ సీలు, ల్యాబు రిపోర్టులో సీలు మూడూ ఒకటేనా? ఇంకా, నమూనాలు తీయకముందు తూచారా తీశాక తూచారా? తీశాక అయితే 19.860కి ఆ 48 గ్రాములు కలపమంటారు.

పాతపంచనామా
మంచి ప్రశ్న. 19.860కి 48 కలిపితే 19.908. ఇంకా కిందే. ఆ 48ని, ఆరిన 130ని రెండూ కలుపుతామంటే మాత్రం కుదరదు. నమూనాలు తీశాక తూచి ఉంటే ఆ 130 తేడాలో 48 నమూనాలదే, ఆరింది 82 మాత్రమే. ఎటు చూసినా మొదటి రోజు గ్రాస్ లోంచి ప్యాకింగ్ తీస్తే 19.990 దాటదు. ఈ లెక్క ఒక పట్టికగా వేసి పిటిషన్‌కి జత చేయండి. నోటితో చెబితే కోర్టులో గందరగోళం అవుతుంది.

కొత్తగౌను
ఎ4 సంగతి? దొరికింది ఏమీ లేదు. ఎ1 వాంగ్మూలం ఒక్కటే.

అనంత_అప్పీల్
పోలీసు ముందు చెప్పిన నేరాంగీకారం చెల్లదు, ఇప్పుడు బీఎస్‌ఏ (కొత్త సాక్ష్య చట్టం) 23. ఎన్‌సీబీ, డీఆర్‌ఐ (కేంద్ర దర్యాప్తు సంస్థలు) వాళ్లు సెక్షన్ 67 కింద రాయించుకున్నవి కూడా చెల్లవని 2020 తూఫాన్ సింగ్‌లో తేలింది. ఎ4 ఫోన్ కాల్ రికార్డు, డబ్బు బదిలీ ఏమైనా పెట్టారా చూడండి. ఏమీ లేకపోతే కమర్షియల్ కేసులో కూడా 37 దాటించడానికి ఇదే గట్టి దారి. ముందస్తు బెయిల్‌కి మాత్రం ఈ వాదన అంత తేలిగ్గా నడవదు. 2022లో సమర్థ్ కుమార్ కేసులో ఇలా ఇచ్చిన ముందస్తు బెయిల్‌ను సుప్రీంకోర్టు రద్దు చేసింది.

డ్రైవర్ ఎ3కి "తెలిసి పెట్టుకున్నాడా" అన్నది ముఖ్యం. కానీ సెక్షన్ 35, 54 ఊహలు (తెలిసే చేశాడని చట్టం ముందే అనుకోవడం) అతనికి ఎదురుంటాయి, తెలియదని రుజువు చేసే బరువు అతని మీదే పడుతుంది. బాడుగ బుకింగ్ రికార్డు, ఫోన్‌లో మెసేజ్ ఉంటే ఇప్పుడే తీయించండి.

రిమాండ్_లెక్క
అరెస్టు కారణాలు రాతపూర్వకంగా ఇచ్చారా? 2025 నవంబర్‌లో మిహిర్ రాజేష్ షా తీర్పులో అన్ని నేరాలకీ తప్పనిసరి చేశారు: అరెస్టయిన వ్యక్తికి అర్థమయ్యే భాషలో, అప్పటికప్పుడు కుదరకపోతే రిమాండ్‌కి తీసుకెళ్లే కనీసం రెండు గంటల ముందు. ఇతర రాష్ట్రాల డ్రైవర్లకి తెలుగులో కాగితం ఇచ్చి సంతకం పెట్టిస్తుంటారు. చూసుకోండి.

సందేహాల_సుబ్బు
పక్క ప్రశ్న. కాలేజీ కుర్రాడి దగ్గర 300 గ్రాములు దొరికితే కూడా ఇంతేనా?

బెజవాడ_బార్
కాదు. 1 కేజీకి తక్కువ, ఏడాది వరకు జైలు లేదా 10 వేల వరకు జరిమానా లేదా రెండూ. ఏడేళ్లలోపు శిక్ష కాబట్టి అర్నేష్ కుమార్ తీర్పు వర్తిస్తుంది, ముందు బీఎన్‌ఎస్‌ఎస్ 35(3) నోటీసు ఇవ్వాలి. బెయిలబుల్ అవునా కాదా అన్నదాని మీద హైకోర్టుల్లో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి, ఆచరణలో బెయిల్ రావడం కష్టం కాదు. బానిసైన వాడు తనంతట తాను చికిత్సకి ముందుకొస్తే 64ఎ కింద ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ అడగొచ్చు.

గంజాయి లెక్క మిగతావాటికి వేయకండి. ఎండీఎంఏ (సింథటిక్ మత్తుమందు) అయితే 10 గ్రాములు దాటితే కమర్షియల్, హెరాయిన్ 250 గ్రాములు, కొకైన్ 100. ఏజెన్సీ నుంచి వచ్చే లిక్విడ్ గంజాయి అంటారే, అది గంజాయి కాదు, చట్టంలో హాషిష్ ఆయిల్ చరస్ కింద వస్తుంది. 1 కేజీ దాటితే చాలు, 37.

తూకంరాయి
లీటరు బాటిల్ పట్టుకున్నవాడికి 20 కేజీల వాదన వినిపించే వకీళ్లున్నారు. వాళ్ల క్లయింట్లకి సానుభూతి.

కొత్తగౌను
ఒకవేళ కోర్టు ఇది కమర్షియలే అంటే? 180 దగ్గర పడేసరికి పీపీ గడువు పొడిగింపు వేస్తారు కదా.

రిమాండ్_లెక్క
ఏడాది దాకా పొడిగించొచ్చు, కానీ పీపీ *సొంత* రిపోర్టు కావాలి: దర్యాప్తు ఎంతవరకు వచ్చింది, ఇంకా లోపల ఎందుకు ఉంచాలి. దర్యాప్తు అధికారి రిక్విజిషన్ మీద "ఫార్వర్డెడ్" అని ముద్ర వేస్తే అది రిపోర్టు కాదు. ఎఫ్‌ఎస్‌ఎల్ (ల్యాబు) రిపోర్టు రాలేదు అని ఒక్క లైనూ చాలదని వాదించండి. విచారించేటప్పుడు నిందితుణ్ణి హాజరుపరచాలి, కనీసం వీడియోలో, విషయం అతనికి తెలియజేయాలి. లేకపోతే ఆ పొడిగింపు చెల్లదు, 2022 జిగర్ తీర్పు. 175వ రోజు నుంచి రోజూ కాజ్‌లిస్టు చూడండి.

అనంత_అప్పీల్
ఆ తర్వాత విచారణ ఏళ్ల తరబడి సాగితే ఆర్టికల్ 21 (వ్యక్తి స్వేచ్ఛ హక్కు) దారి. 2023 మహమ్మద్ ముస్లిం, అదే ఏడాది రబి ప్రకాష్: మూడున్నరేళ్లు లోపలున్నాడని 37 ఉన్నా బెయిల్ ఇచ్చారు, అదీ 247 కేజీల గంజాయి కేసులో. ఆర్నెల్లకే ఈ వాదన వేస్తే మాత్రం పనిచేయదు.

గుమాస్తా_గోదారి
బెయిల్ వచ్చాక కూడా జనం నెలల తరబడి లోపలే ఉండటానికి కారణం జామీనులు. ఇద్దరు జామీనుదారుల ఆధార్, ఇంటిపన్ను రసీదు, ఆస్తి విలువ పత్రం పిటిషన్ వేసే రోజుకే సిద్ధంగా పెట్టండి. డిఫాల్ట్ బెయిల్‌లో ఇది ఇంకా ముఖ్యం. ఆర్డర్ వచ్చాక గడువులో జామీనులు పెట్టలేకపోతే, ఈలోగా ఛార్జిషీటు పడితే, హక్కు పోతుంది. ఎ3 బయటి రాష్ట్రం వాడైతే స్థానిక జామీను పట్టుబట్టొద్దని 2023 జనవరి 31న సుప్రీంకోర్టు చెప్పింది, ఆ ఆర్డర్ కాపీ పెట్టుకోండి. "గూగుల్ మ్యాప్స్ లొకేషన్ దర్యాప్తు అధికారికి షేర్ చేయాలి" అన్న షరతు వస్తే 2024 ఫ్రాంక్ వైటస్ చూపించండి, అది కొట్టేశారు.

బెజవాడ_బార్
పాత కేసులున్నవాళ్ల విషయంలో ఇంకోటి. బెయిల్ వచ్చిన మరుసటి రోజే పీడీ యాక్టు (ముందస్తు నిర్బంధ చట్టం), అంటే 1986 ఒకటో చట్టం గానీ, 1988 పిట్ ఎన్‌డీపీఎస్ గానీ ప్రయోగించి జైలు గేటు దగ్గరే పట్టుకుంటారు. ఎ1కి పాత క్రైమ్ నంబర్లు ఉన్నాయా?

కొత్తగౌను
ఎ1కి ఒకటి ఉంది, మిగతావాళ్లకి లేవు. ముందు ఎ2, ఎ3లకి వేస్తున్నాను, ఎ1కి విడిగా. ఎ4కి ఇవాళ్టికి 67వ రోజే, అతనికీ గడువు దాటింది. కారు ఎ2 అన్నది, ఫైనాన్స్‌లో ఉంది, దాని సంగతి?

పాతపంచనామా
తాత్కాలికంగా విడిపించుకోవచ్చు, బీఎన్‌ఎస్‌ఎస్ 497, 503. 2025 జనవరిలో బిశ్వజిత్ డే కేసులో ఎన్‌డీపీఎస్ వాహనాలకీ ఆ అవకాశం ఉందన్నారు. కానీ యజమానే నిందితుడైతే సాధారణంగా ఇవ్వకూడదని అదే తీర్పులో ఉంది. ఎ2 పేరు మీద వేయకండి, ఫైనాన్స్ కంపెనీ చేత వేయించండి. ఇంజిన్ నంబరు, ఫొటోలు, బాండు వాళ్లే చూసుకుంటారు.

కొత్తగౌను
సరే. పట్టిక తయారవుతోంది, రేపు 10.30కి కౌంటర్ దగ్గర ఉంటాను.

గుమాస్తా_గోదారి
10.30కి కాదు, ఇవాళ రాత్రే ఈ-ఫైలింగ్ కొట్టేయండి.